పూర్తి సేవల టికెట్టు, చౌక సంస్థ విమానం: పౌర విమానయాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం.

నేను విజయవాడలో విమాన టికెట్లు బుక్ చేసే ఒక చిన్న కార్యాలయం నడుపుతున్నాను. మా దగ్గరికి వచ్చేవారిలో అమెరికాలో ఉన్న కూతురి పురుటికి బయలుదేరే తల్లిదండ్రులు, సెలవు ముగించుకుని గల్ఫ్‌కు తిరిగి వెళ్లే కార్మికులు, ఢిల్లీలోనో పుణెలోనో ఉద్యోగంలో చేరబోయే పిల్లలు ఎక్కువ. టికెట్టు మీద ఉన్న సంస్థ పేరు చూసి వారు నమ్మకంతో డబ్బు కడతారు. ఆ నమ్మకానికి సంబంధించిన ఒక విషయాన్ని మీ దృష్టికి తేవడానికే ఈ బహిరంగ లేఖ. భోజనం, లగేజీ, సీటు అన్నీ కలిపి ఒకే ధరకు ఇచ్చే పూర్తి సేవల విమాన సంస్థ, తన కింద ఒక చౌక ధరల అనుబంధ సంస్థను పెట్టి, దేశీయ మార్గాలను దాని చేతికి ఇవ్వడం మన దేశంలో మరోసారి జరుగుతోంది. దాన్ని ఆపమని నేను కోరడం లేదు. మొదటి సంస్థ పేరు మీద టికెట్టు కొన్న మనిషి రెండో సంస్థ విమానంలో ప్రయాణించవలసి వచ్చినప్పుడు ఏమేమి హక్కులు ఉంటాయో నిబంధనగా రాసిపెట్టమని కోరుతున్నాను.

2022 జనవరి 27న ఎయిర్ ఇండియా టాటా గ్రూపు చేతికి తిరిగి వెళ్లిన నాటికి, ఆ గ్రూపు నీడలో నాలుగు విమాన సంస్థలు ఉన్నాయి. ఎయిర్ ఇండియా, విస్తారా పూర్తి సేవలవి. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్, ఎయిర్ ఏషియా ఇండియా చౌక ధరలవి. 2024 అక్టోబరు 1న చౌక సంస్థలు రెండూ ఒకటయ్యాయి, అదే ఏడాది నవంబరు 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది. ఇప్పుడు మిగిలినవి ఒక పెద్ద సంస్థ, దాని కింద ఒక చౌక సంస్థ. 2005 ఏప్రిల్‌లో ఎక్స్‌ప్రెస్ మొదలైనప్పుడు దాని పని వేరు. గల్ఫ్‌లో కాయకష్టం చేసుకునే మనవాళ్లు సొంత ఊరికి వచ్చిపోవడానికి తక్కువ ఛార్జీతో విమానాలు నడపడం కోసం ప్రభుత్వమే దాన్ని పెట్టించింది. మొదట్లో కేరళకు ఎక్కువ మేలు జరిగినా, కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి వెళ్లే కుటుంబాలకు కూడా ఆ సంస్థ పేరు బాగా తెలుసు. అలాంటి సంస్థ ఇవాళ దేశంలోపలి మార్గాల్లో పెద్ద ఎత్తున విస్తరించింది. పూర్వం మాతృసంస్థ నడిపిన మార్గాల్లో కొన్ని దానికి అప్పగించబడ్డాయి కూడా.

ఈ ఏర్పాటు మనకు కొత్త కాదు. 2003లో ఎయిర్ డెక్కన్ మొదలై, హైదరాబాద్-విజయవాడ వంటి చిన్న మార్గాల్లో కూడా విమానం నడపవచ్చునని చూపించింది. రైలులో ఏసీ బోగీ కూడా ఎక్కని కుటుంబాలు ఆ రోజుల్లో విమానం ఎక్కాయి. ఆ మేలును ఈ వృత్తిలో ఉన్న మేము మరిచిపోలేము. 2007లో పూర్తి సేవల సంస్థ అయిన కింగ్‌ఫిషర్ అందులో వాటా కొని, మరుసటి ఏడాది దానికి కింగ్‌ఫిషర్ రెడ్ అని పేరు మార్చింది. 2011 సెప్టెంబరులో, ఇక చౌక విభాగం ఉండదని యాజమాన్యమే ప్రకటించింది. మరో ఏడాది తిరిగేసరికి మొత్తం సంస్థే నేలకు దిగిపోయింది. జెట్ ఎయిర్‌వేస్ కూడా అదే 2007లో 1,450 కోట్ల రూపాయలకు ఎయిర్ సహారాను కొని జెట్‌లైట్ అని పేరు పెట్టి, అది చాలక 2009లో జెట్ ఎయిర్‌వేస్ కనెక్ట్ పేరుతో మరో చౌక సేవను ప్రారంభించింది. ఒకే యజమాని కింద మూడు పేర్లు తిరిగిన ఆ కాలంలో, ఏ విమానంలో భోజనం ఇస్తారో, ఏ విమానంలో కొనుక్కోవాలో ప్రయాణికుడికి చెప్పలేక మాలాంటివాళ్లమే తికమకపడేవాళ్లం. 2014 డిసెంబరు నుంచి జెట్ ఆ పేర్లన్నీ పక్కన పెట్టి మళ్లీ పూర్తి సేవల సంస్థగానే నడుస్తానని నిర్ణయించుకుంది. 2019 ఏప్రిల్ 17న అది కూడా ఆగిపోయింది. ఆ రెండు సంస్థల పతనానికి చౌక విభాగాలే కారణమని నేను అనను. అప్పులు, ఇంధన భారం, యాజమాన్యాల నిర్ణయాలు అందులో ఎన్నో కలిశాయి. అయితే రెండు పేర్ల మధ్య గీత చెరిగిపోయినప్పుడు మాతృసంస్థకు లాభం రాలేదన్నదీ, ప్రయాణికుడికి స్పష్టత దొరకలేదన్నదీ మాత్రం ఆ చరిత్ర చెబుతోంది.

విదేశాల్లో కూడా ఇలాంటి ప్రయత్నాలు ఎక్కువగా విఫలమయ్యాయి. అమెరికాలో యునైటెడ్ 2004లో టెడ్ పేరుతోనూ, డెల్టా 2003లో సాంగ్ పేరుతోనూ చౌక విభాగాలు తెరిచి కొన్నేళ్లలోనే మూసేశాయి. పైలట్లు, నిర్వహణ, ప్రధాన కార్యాలయం ఖర్చులు చాలావరకు పాతవే ఉండగా, పేరు మార్చినంత మాత్రాన ఖర్చు తగ్గలేదు. నిలదొక్కుకున్న వాటిలో ముఖ్యమైనది ఆస్ట్రేలియాలో క్వాంటాస్ 2004 మే నెలలో ప్రారంభించిన జెట్‌స్టార్. దాన్ని వేరే యాజమాన్య బృందంతో, వేరే ఖర్చుల పద్ధతితో నడిపి, ఎక్కువగా విహారయాత్రల మార్గాలు అప్పగించి, వ్యాపార ప్రయాణికుల మార్గాలను మాతృసంస్థకు ఉంచారు. ఎవరు ఏ విమానం ఎక్కుతున్నారో అక్కడ టికెట్టు కొనే రోజునే తెలిసేది. అది నిలబడటానికి ఆ స్పష్టత కూడా ఒక కారణమని నా నమ్మకం.

ఇక అసలు విషయానికి వస్తే, చౌక సంస్థకు ఆ చౌకతనం ఎక్కడినుంచి వస్తుందో ఒకసారి చూడాలి. ఎ320 రకం విమానంలో విస్తారా మూడు తరగతులు పెట్టి 164 సీట్లు అమర్చేది. అదే విమానంలో ఒకే తరగతి పెడితే 180 నుంచి 186 సీట్లు పడతాయి. అంటే అదే విమానం, అదే ఇంధనం, అదే ఇద్దరు పైలట్లతో ఒక్కో సీటుకు పడే ఖర్చు దాదాపు పన్నెండు శాతం వరకు తగ్గవచ్చు. దిగిన విమానం అరగంటలోపు మళ్లీ ఎగిరితే రోజుకు ఒక సర్వీసు ఎక్కువ తిరుగుతుంది. భోజనం, సీటు ఎంపిక, అదనపు లగేజీ విడివిడిగా అమ్మితే ఆ మేరకు రాబడి వస్తుంది. ఇవన్నీ న్యాయమైన పద్ధతులే. కానీ ఐరోపాలో చౌక సంస్థలకు కలిసొచ్చిన ఒక ముఖ్యమైన వెసులుబాటు ఇక్కడ లేదు. అక్కడ పెద్ద నగరానికి దూరంగా, తక్కువ రుసుములు తీసుకునే రెండో విమానాశ్రయాలు ఉంటాయి. మన హైదరాబాద్‌లో 2008 మార్చిలో శంషాబాద్ తెరుచుకున్న తర్వాత బేగంపేటలో ప్రయాణికుల సర్వీసులు ఆగిపోయాయి. కాబట్టి పూర్తి సేవల సంస్థ అయినా చౌక సంస్థ అయినా దిగేది శంషాబాద్‌లోనే. ఇంధనం సంగతీ అంతే. మన సంస్థల ఖర్చులో మూడో వంతుకు పైగా దానికే పోతుంది, అది ఇంకా జీఎస్టీలోకి రాలేదు, రాష్ట్రానికో రకంగా వ్యాట్ పడుతుంది, ఆ పన్ను విమానం మీద ఏ పేరు రాసి ఉందో చూడదు.

అందువల్ల మన దేశంలో చౌక సంస్థ తగ్గించగలిగే ఖర్చుకు ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటి పొదుపు చేయాలంటే రెండే చోట్లు మిగులుతాయి, ఒకటి సిబ్బంది జీతభత్యాలు, రెండోది ప్రయాణికుడికి ఇచ్చే సేవ. మొదటిదాని ఫలితం 2024 మే నెలలో చూశాం. విలీనం జరుగుతున్న సమయంలో తమ ఉద్యోగ షరతుల పట్ల అసంతృప్తితో క్యాబిన్ సిబ్బంది పెద్ద సంఖ్యలో ఒకేసారి సెలవు పెట్టడంతో ఎక్స్‌ప్రెస్ సర్వీసులు పదుల సంఖ్యలో రద్దయ్యాయి. గల్ఫ్‌లో డ్యూటీలో చేరవలసిన తేదీ దాటిపోతుందేమోనన్న భయంతో ఆ రోజుల్లో వచ్చిన ఫోన్లకు నా దగ్గర సమాధానం లేకపోయింది. రెండోది, అంటే సేవ తగ్గడం, ఇంత బాహాటంగా కనిపించదు. అది ఒక్కో టికెట్టులో కొద్దికొద్దిగా జరుగుతుంది కాబట్టి ఎవరూ దాన్ని వార్తగా రాయరు.

ఆ కొద్దికొద్దిగా జరిగేది ఏమిటో మీకు వివరంగా చెప్పాలి. విజయవాడ నుంచి ఢిల్లీ మీదుగా అమెరికా వెళ్లే టికెట్టును ఒకే పీఎన్‌ఆర్ మీద తీసుకుంటే, సాధారణంగా 23 కిలోల చొప్పున రెండు బ్యాగులు ఇక్కడే వేసి అక్కడ తీసుకోవచ్చు. దేశీయ టికెట్టు విడిగా ఉంటే 15 కిలోలు దాటిన ప్రతి కిలోకూ డబ్బు కట్టాలి, ఢిల్లీలో బ్యాగులు దింపుకొని మళ్లీ వరుసలో నిలబడాలి. పచ్చళ్లు, పొడులు, పాపాయి బట్టలు సర్దుకుని బయలుదేరే అరవై ఏళ్ల దంపతులకు ఈ తేడా ఎంత పెద్దదో తెలుగు ఇంటి మనిషిగా మీకు నేను చెప్పనవసరం లేదు. టికెట్టు కొన్న నాడు పూర్తి సేవల విమానమే రాసి ఉండి, నెల తర్వాత ‘షెడ్యూలు మారింది’ అన్న చిన్న సందేశంతో మరో సంస్థ విమానం కేటాయించినప్పుడు, వారు అడిగే ప్రశ్నలు మూడే. భోజనం ఉందా? లగేజీ అంతే ఉందా? తేడా డబ్బు ఎప్పుడు వస్తుంది? సంస్థ పేరు ఇక్కడ అనవసరం కానీ, ఒక సందర్భంలో మొదటి రెండు ప్రశ్నలకు జవాబు దొరకడానికి నాకు ఫోన్ మీద ఒక పూట పట్టింది, మూడోదానికి అలాంటి ఏర్పాటు లేదన్నారు. షుగరు ఉన్న పెద్దమనిషి వేళకు తినడానికి ఏమీ లేక ఇబ్బంది పడకూడదని, చివరికి ఇంటినుంచి చపాతీలు కట్టించుకుని వెళ్లమని నేనే చెప్పాను. పూర్తి సేవలకు డబ్బు కట్టిన మనిషికి అలా చెప్పవలసి రావడం నాకు చాలా బాధ కలిగించింది.

ఇలాంటి పరిస్థితికి పరిష్కారం వెతకడానికి మీ శాఖ ఎంతో దూరం వెళ్లనవసరం లేదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2023 ఫిబ్రవరి నుంచి అమలయ్యేలా నిబంధనలు సవరించి, ప్రయాణికుడి ఇష్టం లేకుండా కొన్న తరగతి కంటే తక్కువ తరగతిలో కూర్చోబెడితే, దేశీయ ప్రయాణంలో పన్నులతో కలిపి టికెట్టు ధరలో 75 శాతం తిరిగి ఇవ్వాలని చెప్పింది. అది చాలా మంచి నిర్ణయం. కానీ అది తరగతి గురించి చెబుతుంది తప్ప, ఎకానమీ టికెట్టు కొన్న మనిషిని పూర్తి సేవల ఎకానమీ నుంచి చౌక సంస్థ ఎకానమీకి మార్చిన సందర్భం గురించి ప్రత్యేకంగా ఏమీ చెప్పదు. రెండింటి మీదా ‘ఎకానమీ’ అనే రాసి ఉంటుంది కాబట్టి, కాగితం మీద ఏమీ తగ్గినట్టు కనిపించదు. రైల్వేలో ఈ సూత్రం ఎప్పటినుంచో అమలులో ఉంది. పై తరగతి టికెట్టు ఉన్నవారికి అక్కడ చోటు ఇవ్వలేక కింది తరగతిలో పంపితే, టీటీఈ ఇచ్చే ధ్రువపత్రం మీద ఛార్జీల తేడా తిరిగి చెల్లిస్తారు. లక్షలమంది సామాన్యులు ఎక్కే రైలులో సాధ్యమైనది విమానంలో ఎందుకు సాధ్యం కాదో నాకు అర్థం కాలేదు.

దీనికి విమాన సంస్థల వైపు నుంచి రాగల జవాబు నాకు తెలుసు. ఛార్జీలు గంట గంటకూ మారుతుంటాయి కాబట్టి తేడా ఎంతో లెక్కగట్టలేమని అంటారు. ఆ ఇబ్బంది నిజమే. అందుకే తేడాను ఆ రోజు ధరలతో పోల్చి తేల్చే పద్ధతి కంటే, తరగతి తగ్గింపు విషయంలో చేసినట్టే, టికెట్టు ధరలో ఒక స్థిర శాతాన్ని నిర్ణయించడం మేలని నా అభిప్రాయం. ఆ శాతం ఎంత ఉండాలో నిపుణులతో మాట్లాడి మీరు తేల్చవచ్చు. అది ప్రయాణికుడు అడగకుండానే, డబ్బు కట్టిన ఖాతాకే తిరిగి చేరాలన్నదే ముఖ్యం. అడిగితే ఇస్తామనే హక్కు మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ల విషయంలో లేనట్టే లెక్క, ఎందుకంటే వారు అడగరు.

మార్కెట్ స్థితి కూడా ఈ నిబంధన అవసరాన్ని పెంచుతోంది. దేశీయ ప్రయాణికుల్లో అరవై శాతానికి పైగా ఇవాళ ఇండిగోలో ప్రయాణిస్తున్నారు. మిగిలిన దానిలో అత్యధిక భాగం ఎయిర్ ఇండియా, ఎక్స్‌ప్రెస్‌లదే. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో సర్వీసులు వేల సంఖ్యలో రద్దైనప్పుడు ఛార్జీలు ఏ స్థాయికి ఎగబాకాయో మీరు దగ్గరుండి చూశారు. 500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 7,500 రూపాయలు, 1,500 దాటితే 18,000 రూపాయలు మించకూడదని మీ శాఖే పరిమితి విధించవలసి వచ్చింది. ఒక గ్రూపు తడబడితే మిగిలేది మరో గ్రూపే అని అప్పుడు అందరికీ తెలిసింది. అలాంటి మార్కెట్‌లో పెద్ద సంస్థ తన చౌక అనుబంధ సంస్థను ఒక మార్గంలో దించడం పోటీ పెరగడం కిందికి రాదు, ఎందుకంటే రెండు ధరలనూ నిర్ణయించే యజమాని ఒక్కరే. డీజీసీఏ నెలనెలా ప్రకటించే మార్కెట్ వాటాల పట్టికలో ఈ రెండు సంస్థలనూ ఎయిర్ ఇండియా గ్రూపు అని ఒకే వరుసగా చూపుతున్నారు. వాటా కొలిచేటప్పుడు ఒకటిగా లెక్కించే సంస్థలు, ప్రయాణికుడికి జవాబు చెప్పవలసి వచ్చినప్పుడు వేర్వేరు కావడం సరికాదు.

అనుబంధ సంస్థలన్నీ ఒకే రకం కావని కూడా ఇక్కడ చెప్పాలి. 1996లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ అనుబంధంగా పుట్టిన అలయన్స్ ఎయిర్, తర్వాతి కాలంలో చిన్న ఏటీఆర్ విమానాలతో, పెద్ద జెట్ విమానం దిగలేని ఊళ్లకు వెళ్లింది. మీకు ముందు ఇదే బాధ్యత వహించిన ఉత్తరాంధ్ర పెద్ద శ్రీ అశోక్ గజపతిరాజు గారి హయాంలో చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం వచ్చి, 2017 ఏప్రిల్ 27న సిమ్లా-ఢిల్లీ సర్వీసును ఆ సంస్థతోనే మొదలుపెట్టారు. అదే రోజు కడప-హైదరాబాద్ సర్వీసుకు కూడా ప్రధానమంత్రి జెండా ఊపారు. విమానమే లేని చోటికి విమానం తెచ్చిన అనుబంధ సంస్థ ఎవరి దగ్గరా ఏదీ తీసుకోలేదు. ఉన్న సేవను తీసేసి దాని స్థానంలో తక్కువ సేవను పెట్టే అనుబంధ సంస్థను అదే దృష్టితో చూడలేము. మొదటిదానికి ప్రోత్సాహం ఇవ్వాలి, రెండోదానికి షరతులు పెట్టాలి.

ఆ షరతుల్లో వాపసు తర్వాత నేను కోరే రెండోది, టికెట్టు అమ్మే చోట స్పష్టత. విమానం నిజంగా నడిపే సంస్థ పేరును ధర కనిపించే చోటే, ధర ఉన్నంత అక్షరాల్లో చూపించాలి. ఇప్పుడు అది చాలా చోట్ల వివరాల్లోకి వెళ్లి వెతికితే సన్నని అక్షరాల్లో కనిపిస్తుంది. ఒకే పీఎన్‌ఆర్ మీద ఉన్న ప్రయాణంలో ఒక ముక్క చౌక సంస్థ నడిపినా, కొన్ననాడు మాట ఇచ్చిన లగేజీ, భోజనం మొత్తం దారి పొడవునా చెల్లాలి. మార్పు ఒప్పుకోని ప్రయాణికుడికి ఒక్క రూపాయి కోత లేకుండా డబ్బు తిరిగి రావాలి. మాలాంటి ఏజెంట్ల ద్వారా కొన్న టికెట్లకు కూడా ఇదే వర్తించాలి. ఇందులో నా స్వప్రయోజనం కొంత ఉందని దాచను, ఎందుకంటే సంస్థ మార్చిన విమానానికి జనం ముందు నిలదీసేది మమ్మల్నే.

ఇంకొకటి, ఒక మార్గం మాతృసంస్థ నుంచి చౌక సంస్థకు మారినప్పుడు, ఆ మార్గంలో ముందు ఆరు నెలల ఛార్జీలనూ, తర్వాతి ఆరు నెలల ఛార్జీలనూ డీజీసీఏలోని ఛార్జీల పర్యవేక్షణ విభాగం పక్కపక్కన పెట్టి ప్రజలకు చూపాలి. సేవ తగ్గి ధర కూడా తగ్గితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. చాలామంది సంతోషిస్తారు, నేను కూడా ఆ టికెట్లే ఎక్కువగా అమ్ముతాను. సేవ తగ్గి ధర అలాగే ఉంటే మాత్రం అది చౌక సంస్థ అన్న పేరుకు తగదు, దాన్ని మీ శాఖ ఊరికే చూస్తూ ఉండకూడదు.

ఎయిర్ ఇండియా యాజమాన్యం వారు ఈ లేఖ చదివితే వారికి ఒక మాట. 1932లో జేఆర్డీ టాటా మొదలుపెట్టిన సంస్థ పేరు ఇప్పటికీ మా ఊళ్లలో పెద్దవాళ్లకు ధైర్యాన్నిస్తుంది. భాష రాని దేశానికి ఒంటరిగా వెళ్లే తల్లి ఆ పేరు చూసి టికెట్టు కొంటుంది. ప్రభుత్వం నిబంధన రాసేదాకా ఆగకుండా, మార్చిన ప్రతి టికెట్టుకూ తేడా తిరిగి ఇస్తామని మీరే ముందుగా ప్రకటించవచ్చు.

మంత్రి గారూ, డీజీసీఏ ఏదైనా నిబంధన తెచ్చే ముందు ముసాయిదాను ప్రజల అభిప్రాయానికి పెట్టడం ఆనవాయితీ. ఈ విషయంపై ఒక ముసాయిదాను వేసవి సెలవుల రద్దీకి ముందే విడుదల చేయించమని కోరుతున్నాను. అది తెలుగుతో సహా భారతీయ భాషల్లో కూడా ఉంటే, ఈ మార్పుల వల్ల నిజంగా ఇబ్బంది పడుతున్నవారు తమ అనుభవాన్ని తామే రాసి పంపగలరు. నా దగ్గరికి వచ్చే ప్రయాణికుల చేత రాయించి పంపే బాధ్యత నాది.

భవదీయుడు,
విజయవాడలోని ఒక విమాన టికెట్ల ఏజెంటు